బాబాయ్ పేరు మీద జరిగిన పనులు

ఆఫీసులో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. వయసులో ఆయనకంటే పెద్దవాడైన యజమాని కూడా అలాగే పిలుస్తాడు. ఆ వరస ఎలా కలిసిందని ఎవరూ ఆరా తీయలేదు. చిన్న వ్యాపారాలవాళ్ళ వెబ్‌సైట్లకీ ఈమెయిళ్ళకీ సర్వర్ల మీద చోటు అద్దెకిచ్చే ఆ కంపెనీ ఒక టైర్ల కొట్టు పైన రెండు గదుల్లో నడుస్తుంది. సర్వర్లు వేరే ఊళ్ళో ఎక్కడో చల్లటి గదిలో ఉన్నాయని తెలిసినా, కింద టైరు పేలిన ప్రతిసారీ పైన అందరూ ముందు కంప్యూటరు తెర వంక చూస్తారు.

బాబాయ్ జీవితచరిత్ర రాయడానికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు గనక ముఖ్యమైన సంగతులు ఇక్కడే చెప్పుకోవడం న్యాయం. ఆయన మొదట టెలిఫోన్ల ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా. అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా వినే దురలవాటు అక్కడే అబ్బింది. ఆ ఆఫీసు మూతపడ్డాక ఈ కంపెనీలో ఖాతాలు చూసే పనిలో చేరాడు. కొత్తవాళ్ళకి ఖాతా తెరవడం, ఎవరికెంత చోటో నిర్ణయించడం, మానేసినవాళ్ళ ఖాతా ఆపేయడం, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళని ఓదార్చడం, ఇదీ పని. ఇదంతా జరిగేది ఒక ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో. అందులో ప్రతి కస్టమరుకీ తన గది తాళం ఒక్కటే ఉంటుంది. బాబాయ్ దగ్గర మొత్తం గుత్తి ఉంటుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో బాబాయ్‌కి ప్రాణప్రదమైన మీట ఒకటుంది: ‘కస్టమరుగా లోపలికి’. అది నొక్కితే కస్టమరు పాస్‌వర్డ్ అడగకుండానే వాళ్ళ ఖాతాలోకి వెళ్ళి వాళ్ళకేం కనిపిస్తోందో అదే చూడొచ్చు. పనయ్యాక ‘వెనక్కి’ నొక్కితే మళ్ళీ తన కుర్చీలో తను. ఈ పని చేసేవాళ్ళు మామూలుగా కస్టమరుతో, "మీరు బయటికి వచ్చేయండి, నేను చూసి చెబుతా" అంటారు. బాబాయ్‌కి అది అమర్యాదగా తోచేది. ఇంటివాళ్ళని గుమ్మం బయట నిలబెట్టి లోపల సోదా చేయడం ఏం పద్ధతి? అందుకని ఆయన ఫోనులో ఎప్పుడూ ఒకటే మాట: "మీది మూయకండి. నేనూ వస్తున్నా. ఇద్దరం కలిసే చూద్దాం."

ఈ పద్ధతికి కస్టమర్లు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. కొందరు ఇబ్బందేమీ లేకపోయినా ఫోను చేసి, కాసేపు కలిసి చూసి, తృప్తిగా పెట్టేసేవాళ్ళు.

ఇలా సాగుతున్న మహోజ్జ్వల జీవితంలోకి ఒక ఉదయం ఒక ఫోటోగ్రాఫరు ఫోను చేశాడు.

"ఏంటి బాబాయ్, అంత మాటన్నావ్?"

"నేనేమన్నానయ్యా?"

"నిన్న మెయిల్ పెట్టావుగా! ‘ఇంత బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టుకుని మీకు నిద్రెలా పడుతోంది? ఇంత పెద్దవారై ఉండి ఇదేం నిర్లక్ష్యం?’ అని. మా ఆవిడ చదివి పడీపడీ నవ్వుతోంది. తను అనాల్సినవన్నీ నువ్వే అనేశావట."

తను పంపలేదని చెప్పబోయి, ఎందుకైనా మంచిదని బాబాయ్ పంపిన మెయిళ్ళు తీసి చూశాడు. ఉంది. తన పేరుతో, కంపెనీ తరఫున, శుభ్రంగా పంపినట్టుంది. అలాంటివే ఇంకో పదిమందికి వెళ్ళాయి. ఆయన్ని కలవరపెట్టింది అది కాదు. ఆ ఫోటోగ్రాఫరు గురించి సరిగ్గా అదే మాట తను మనసులో చాలాసార్లు అనుకున్నాడు. అనుకోవడానికీ పంపడానికీ మధ్య ఉండాల్సిన గోడ ఎప్పుడు కూలిందో ఆయనకి అంతుపట్టలేదు.

"పోన్లేవయ్యా, నీ మంచికే" అని మాత్రం అని పెట్టేశాడు.

ఆ వారంలోనే కస్టమర్ల మెయిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తిరిగిపోవడం మొదలైంది. పెట్టె నిండిపోయింది, చోటు లేదు అని సర్వరు చెబుతోంది. సర్వర్ల సంగతి చూసే ఇంజనీరమ్మాయి కుర్చీ చక్రాల మీదే బాబాయ్ బల్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. లేచి నడవడం ఆమె సిద్ధాంతాలకి విరుద్ధం.

"బాబాయ్, ఇంతమంది చోటు ఎందుకు కోసేశారు?"

"కోసేయడమేంటమ్మా?"

"ఇదుగో, పూల కొట్టాయన. ఆయనకిచ్చిన చోటులో పావు వంతు కూడా వాడట్లేదు. మీరు దాన్ని ఆయన వాడినంతకే కుదించి, పైన ఇసుమంత వదిలారు. ఈ పళ్ళ డాక్టరుగారికీ అంతే. ఇంకా చాలామందికి అంతే. ఒంటికి అతుక్కుపోయేలా చేశారు. ఊపిరాడితే కదా?"

"నేను చేయలేదు."

"ఇక్కడ మీ పేరుంది."

ఆ సాఫ్ట్‌వేర్ చేసే ప్రతి పనినీ, చేసినవాళ్ళ పేరునీ రాసుకుంటుంది. ఎక్కడి నుంచి చేస్తున్నారన్నది మాత్రం లోపలికి వచ్చేటప్పుడు ఒక్కసారే రాసుకుంటుంది. ఆ తర్వాత దానికి పేరు చాలు. ఆ పేరు బాబాయ్‌దే. వచ్చింది కూడా ఈ ఆఫీసు నుంచే, ఈ కుర్చీ నుంచే.

యజమాని తన గదిలోకి పిలిచాడు. ఆయనకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. బాగా కోపం వస్తే అసలు వినపడదు, అవతలివాళ్ళు ముందుకు వంగాలి. ఆ రోజు బాబాయ్ బల్ల మీదికి సగం వంగిపోయాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"నాకే అర్థం కావట్లేదు సార్."

"అర్థం కాకుండానే ఇంత పద్ధతిగా చేశారా?"

పని నిజంగానే పద్ధతిగా ఉంది. వాడకం లేని ఖాతాలన్నీ ఏరి పక్కన పెట్టారు. ఫోటోగ్రాఫర్లని ఒక గుంపుగా, మందుల కొట్లని ఒక గుంపుగా కూర్చారు. చూస్తే బాబాయ్‌కే ముచ్చటేసింది. తను చేయాలనుకుని బద్ధకించిన పనులే సగం.

ఇంజనీరమ్మాయి ముందుగా బాబాయ్ పాస్‌వర్డ్ మార్పించింది. కొత్తది ఆయన ఎవరికీ చెప్పలేదు, చెబుదామన్నా ఆయనకే సరిగ్గా నోరు తిరగదు. అయినా పనులు ఆగలేదు. తర్వాత ఆయన పక్కనే కూర్చుని కాపలా కాసింది. మధ్యాహ్నం బాబాయ్ రెండు చేతులతో టిఫిన్ డబ్బా మూతతో కుస్తీ పడుతుండగా, తెర మీద ఒక బట్టల కొట్టువాళ్ళ చోటు రెండంగుళాలు తగ్గినట్టు తగ్గింది. చేసినది: బాబాయ్.

ఇద్దరూ మూత వంక చూశారు, తెర వంక చూశారు.

"చేతుల్లేకుండా కూడా చేస్తున్నానా?" అన్నాడు బాబాయ్. గొంతులో నిజమైన భయం.

"ముందే ఏదైనా పెట్టి ఉంచారేమో. టైం వస్తే దానంతటదే జరిగేలా," అంది అమ్మాయి. తను చెప్పినదాన్ని తనే నమ్మక చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపముందేమోనని ఆమెకి అనుమానం రాకపోలేదు. ‘కస్టమరుగా లోపలికి’ మీటని కూడా మళ్ళీమళ్ళీ నొక్కి చూసింది. వెళ్ళింది, వచ్చింది, వెళ్ళింది, వచ్చింది. అంతా సవ్యంగానే ఉంది. ఎందుకంటే ఆమె ప్రతిసారీ ఖాళీ ఖాతాలోకి ఒంటరిగా వెళ్ళింది. ఇద్దరు కలిసి చూడాలన్న ఆలోచన ఆ గదిలో బాబాయ్‌కి తప్ప ఎవరికీ పుట్టదు. బాబాయ్‌కి అది మీటకి సంబంధించిన సంగతిలా తోచలేదు. అది మర్యాదకి సంబంధించినది.

సాయంత్రం యజమాని మళ్ళీ పిలిచాడు.

"బాబాయ్, మీరు దొంగ అని నేను అనను. దొంగైతే ఏదైనా పట్టుకెళ్ళేవాడు. మీరేమో అన్నీ సర్దుతున్నారు. ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. తల బాగానే ఉందని ఆయన అంటే వచ్చి కూర్చోండి. లేకపోతే…" అన్నాడు. మిగతాది వినపడలేదు.

ఇంటికెళ్ళి సంగతి చెబితే భార్య గ్యాస్ కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడ గ్యాస్ కట్టేసి మాట్లాడిన సందర్భాలు వాళ్ళ కాపురంలో చాలా తక్కువ.

"నిజం చెప్పండి. మీకు తెలియకుండా పనులు చేస్తున్నారా?"

"తెలియకుండా చేస్తుంటే తెలిసేదెలాగే?"

"అదీ నిజమే." కాసేపు ఆలోచించింది. "మొన్న బీరువా తాళం ఫ్రిజ్‌లో పెట్టింది ఎవరు?"

"నువ్వు."

"నేనా? నేను మీరనుకుంటున్నానే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు ఏ వస్తువు ముట్టుకున్నా పైకి చెప్పి మరీ ముట్టుకున్నారు. "గ్లాసు తీస్తున్నా." "సరే, చూశా." బాబాయ్‌కి నవ్వు రాలేదు. ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవచ్చు; టెలిఫోన్ల ఆఫీసు పోయినప్పుడు చూసుకున్నాడు. మతి పోతే ఇంకొకటి ఎక్కడ చూసుకుంటాడు? ఆయన వాళ్ళ నాన్న ఆఖరి రోజుల్లో కొడుకుని పోస్టుమాన్ అనుకుని ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడిగేవాడు. బాబాయ్ లేవని చెప్పి బయటికి వచ్చేవాడు. ఆ గదిలోని మంచం మీద ఇప్పుడు తను కనిపిస్తున్నాడు.

డాక్టరు మంచివాడు, తొందరమనిషి. "మూడు మాటలు చెబుతా, కాసేపయ్యాక అడుగుతా. రుమాలు, నిచ్చెన, గంట" అన్నాడు. తర్వాత రక్తపోటు చూశాడు, నాలుక చూశాడు, మోకాలి మీద కొట్టాడు.

"ఇప్పుడు చెప్పండి."

"రుమాలు, నిచ్చెన, గంట, చెంచా."

డాక్టరు తలెత్తాడు. "చెంచా నేనన్నానా?"

"అన్నారు కదండీ?"

"అన్నానా?" డాక్టరు నర్సు వంక చూశాడు. నర్సు కిటికీ వంక చూసింది. కాసేపు ఆ గదిలో ఎవరికి ఎవరు పరీక్ష పెడుతున్నారో తెలియని స్థితి ఏర్పడింది. చివరికి డాక్టరు, "వచ్చేవారం మళ్ళీ రండి. విశ్రాంతి తీసుకోండి. నేనూ తీసుకుంటా" అన్నాడు.

తల బాగుందన్న మాట దక్కలేదు. బాగాలేదన్న మాటా దక్కలేదు. బాబాయ్ తన సామాను, అంటే ఒక కళ్ళజోడు పెట్టె, ఒక స్టీలు గ్లాసు, కుర్చీ మీది దిండు తెచ్చుకుందామని మర్నాడు ఆఫీసుకి వెళ్ళాడు. దిండు చంకలో పెట్టుకుంటుండగా మెట్ల మీద ఆయాసం వినిపించింది. ఆయాసం వెనకాలే ఒక పెద్దావిడ ప్రవేశించింది. మెళ్ళో కొలత టేపు, చేతిలో గుడ్డ సంచి.

"ఖాతాల తమ్ముడెవరు?"

గొంతు వినగానే బాబాయ్ గుర్తుపట్టాడు. ఇంటి దగ్గర కుట్టుపని నేర్పే టీచరమ్మ. తన క్లాసుల వెబ్‌సైటులో జాకెట్టు బొమ్మ తలకిందులుగా పడిందని ఆ మధ్య ఫోను చేసింది. కలిసి చూశారు, నిలబెట్టారు.

"నేనేనండి టీచరుగారూ. మళ్ళీ బొమ్మ తిరగబడిందా?"

"బొమ్మ బాగానే ఉంది నాయనా. నేను రాజీనామా చేయడానికి వచ్చా."

"దేనికండీ?"

"ఇంక నావల్ల కాదు. కళ్ళు లాగేస్తున్నాయి. మీరు నమ్మి అప్పజెప్పారని ఇన్నాళ్ళూ చేశా. పొద్దున క్లాసు, మధ్యాహ్నం మీ పని. సగం మందికి కొలతలు సరిచేశా. మిగతా సగం ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

ఇంజనీరమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె కాళ్ళ మీద నిలబడగా ఆఫీసులో కొందరు మొదటిసారి చూశారు.

"ఏం కొలతలండీ?"

"ఏం కొలతలేంటమ్మా, ఒక్కొక్కడికీ ఇంతింత వదులు! ఆ పూలాయనకి అంత చోటెందుకు? మోకాళ్ళ కిందికి జారిపోతోంది. నేను ఒంటికి సరిపడా చేసి, రేపు లావైతే విప్పుకోవడానికి లోపల మడతకి కొంచెం వదిలా. అందరికీ వదిలా. నాకు తెలియదా?"

"మీకు… మీకు ఆ ఖాతాలన్నీ కనిపిస్తాయా?"

"కనిపించకుండా ఎలా చేస్తా? ఆ రోజు తమ్ముడు బొమ్మ నిలబెట్టి వెళ్ళిపోయాక చూస్తే నా కంప్యూటర్లో ఊరందరి ఖాతాలూ ఉన్నాయి. పైన ఈయన పేరుంది. తాళాలగుత్తి చేతిలో పెట్టి వెళ్ళారంటే ఇల్లు చూసుకోమనే కదా? జీతం సంగతి మీరెత్తలేదు, నేనూ ఎత్తలేదు. తెర మీద ఆ కిటికీ మూస్తే మళ్ళీ రాదేమోనని కంప్యూటరు ఆపనే లేదు. మా కోడలు ఒకటే గొణుగుడు."

"ఆ మెయిళ్ళు కూడా…"

"పాస్‌వర్డ్ పక్కన ఎర్రగా ‘బలహీనం’ అని కనిపిస్తుంటే ఊరుకుంటామా? నాలుగు ముక్కలు రాశా. మరీ కటువుగా రాయలేదు."

ఇంజనీరమ్మాయి తన కంప్యూటరులో ఒక ఖాతా తెరిచి, అది మూయకుండా, బాబాయ్ దిండుతో సహా బాబాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి అదే ఖాతాలోకి ‘కస్టమరుగా లోపలికి’ వెళ్ళమంది. "ఇప్పుడు ‘వెనక్కి’ నొక్కండి." నొక్కాడు. ఆమె తన తెర మీది పేజీని మరోసారి తెప్పించుకుని చూసింది. అంతవరకు ఒక్క ఖాతా ఉన్న చోట, అన్ని ఖాతాలూ బారులు తీరి నిలబడ్డాయి. పైన బాబాయ్ పేరు.

"చూశారా? గదిలోంచి ఒక్కరే బయటికి వస్తారని దీని నమ్మకం. ఇద్దరుంటే ఏం చేయాలో దీన్ని తయారుచేసినవాళ్ళు ఆలోచించలేదు. ఇంటివాళ్ళెవరో, చుట్టమెవరో తేల్చుకోలేక ఇద్దరికీ గుత్తి ఇచ్చి పంపుతోంది. మీరు పాస్‌వర్డ్ మార్చినా, అప్పటికే లోపలున్నవాళ్ళని ఇది కదపదు."

"అంటే నేను కలిసి చూసిన ప్రతివాళ్ళకీ…?"

అమ్మాయి ముందు ఆ మీట ఇక పనిచేయకుండా పీక నొక్కి, తెరిచి ఉన్న కిటికీలన్నీ సర్వరు వైపు నుంచే మూసేసి, సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళకి ఉత్తరం కొట్టడం మొదలుపెట్టింది. తర్వాత కొందరు పాత కస్టమర్లని మెల్లిగా అడిగితే, "ఆ, ఒకసారి ఏదో పెద్ద చాంతాడంత జాబితా వచ్చింది బాబాయ్, ఏదో ప్రకటన అనుకుని మూసేశాం" అన్నారు. ఈ కంపెనీ ఇన్నాళ్ళూ దేనివల్ల బతికిందో భద్రతా నిపుణులు ఎప్పటికైనా పరిశోధించాల్సిన విషయం.

సందడి విని యజమాని గదిలోంచి వచ్చాడు. సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు. అర్థమైందో లేదో గానీ, టీచరమ్మకి కుర్చీ వేయించి, ఒక్కో పనీ తెర మీద చూపించి మర్యాదగా విచారణ జరిపాడు.

"పళ్ళ డాక్టరు?"

"నేనే."

"మందుల కొట్లు గుంపు కట్టింది?"

"నేనే. మందులూ మిఠాయిలూ పక్కపక్కన ఉంటే ఏం బాగుంటుంది?"

ప్రతి ‘నేనే’కీ బాబాయ్ మొహంలోకి కొంచెం కొంచెం రక్తం తిరిగొస్తోంది. చంకలో దిండు జారి కింద పడినా చూసుకోలేదు. అయినా ఒక మూల సందేహం పూర్తిగా చావలేదు. ఈవిడ చేసినవన్నీ ఈవిడవే. తను ఏమీ చేయలేదన్నదానికి మాత్రం ఈవిడ సాక్ష్యం కాదు. డాక్టరు గదిలో చెంచా ఎక్కడి నుంచి వచ్చినట్టు?

"సరే. మరి మా బావమరిది ఖాతా ఎందుకు ఆపారమ్మా?" అన్నాడు యజమాని. గొంతు తగ్గింది. "వాడి ప్రచారం మెయిళ్ళు వెళ్ళట్లేదని నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. సర్వరు జబ్బు అని చెప్పుకొస్తున్నా."

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగింది. "ఇది నేను ముట్టుకోలేదు నాయనా. నేను వచ్చేసరికే ఆపేసి ఉంది."

"ఇక్కడ బాబాయ్ పేరుంది."

"అయితే తమ్ముణ్ణే అడగండి. నావి నేను ఒప్పుకున్నా. నావి కానివి నాకు అంటగట్టొద్దు."

ఇంజనీరమ్మాయి టైపు చేయడం ఆపింది. అందరూ బాబాయ్ వంక తిరిగారు. బాబాయ్ తెర వంక చూశాడు, కప్పు వంక చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మొహం చింకి చాటంత అయింది.

"నేనే! అది నేనే సార్!"

"ఏంటి?"

"నేనే ఆపాను! నాకు గుర్తుంది! ఆయన రోజూ లక్ష మందికి తలనూనె ప్రకటన పంపి మన సర్వరు పేరు చెడగొడుతుంటే, మీకు చెబితే ఊరుకోరని చెప్పకుండా ఆపాను. బయట వాన. మీరు మెట్లు దిగి, ఫోను మర్చిపోయి మళ్ళీ పైకొచ్చారు. నేను గబుక్కున చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించాను. మీరు ‘ఏంటి బాబాయ్, కవిత్వమా’ అన్నారు. మీరు వెళ్ళగానే మీట నొక్కాను. సార్, ప్రతి ముక్కా గుర్తుంది!"

యజమాని పెదవులు కదిలాయి. మాట వినడానికి టీచరమ్మ ముందుకు వంగింది, ఇంజనీరమ్మాయి వంగింది. వంగనిది బాబాయ్ ఒక్కడే. ఆయన అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఏమేవ్, వింటున్నావా? నేను ఒక వెధవ పని చేశాను. కావాలనే చేశాను. మొదటినుంచి చివరిదాకా గుర్తుంది!"

అవతల గ్యాస్ కట్టేసిన చప్పుడు, ఆ వెంటనే "హమ్మయ్య" అన్న మాట గదిలో అందరికీ వినిపించాయి.